షాద్‌నగర్ దాటకముందే: ఆటిజం ఉన్న ఒక యువకుడు వేరే ఇంట్లోకి మారిన కేసు

పాత పాలమూరు జిల్లాలోని ఒక పట్టణంలో జరిగిన కేసు ఇది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, వయసులు, వీధులు, ఇంకొన్ని వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. అతన్ని ఇక్కడ మధు అంటాను. ఆటిజం ఉన్న చిన్నపిల్లల థెరపీ గురించి తెలుగులో ఇప్పుడు కాస్తో కూస్తో దొరుకుతోంది. ఆ పిల్లాడికి ముప్పై ఏళ్లు దగ్గరపడి, అమ్మ మోకాళ్లు అరిగిపోయాక ఏం చేయాలో జిల్లాల్లో పనిచేసే మాలాంటివాళ్లకు చెప్పే రాత తక్కువ. అందుకే ప్రతి నిర్ణయం దగ్గర ఏం ఆలోచించామో కొంచెం వివరంగా రాస్తాను.

నేపథ్యం

మధుకు ఆటిజంతో పాటు మేధో వైకల్యం కూడా ఉంది. రెండు మూడు మాటల్లో తన అవసరం చెప్పగలడు. ఎక్కువగా విన్న మాటనే తిరిగి అంటాడు. తెలుగు అక్షరాలు వచ్చు, అవి కూడా బడిలో నేర్చుకున్నవి కావు, ఆర్టీసీ బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నవి. సాయంత్రం బస్టాండుకు తీసుకెళ్తే ఓ మూల నిలబడి వచ్చిపోయే బస్సులు చూస్తాడు. అక్కడి టీ కొట్టాయనకు, కంట్రోలర్లకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడే.

తండ్రి ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తల్లి ఇంట్లోనే ఉంటారు. అక్క పెళ్లయి వేరే రాష్ట్రంలో ఉంది. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, సంబంధాలు చూస్తున్నారు.

చిన్నప్పుడు తీసుకున్న సర్టిఫికెట్‌లో ఆటిజం అన్న మాటే లేదు. అప్పటి 1995 చట్టం గుర్తించిన వైకల్యాల్లో ఆటిజం లేదు మరి. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచినప్పుడు అందులో చేరింది. మేం మళ్లీ పరీక్ష చేయించాం. మన దేశంలో ఆటిజం తీవ్రత కొలవడానికి వాడే ఐఎస్‌ఏఏ స్కేల్ మీద 107 నుంచి 153 మధ్య స్కోరు వస్తే మధ్యస్థం అంటాం. మధు ఆ వరుసలోకి వచ్చాడు. కాగితం మారితే మనిషి మారడు కానీ, తర్వాత వచ్చిన సహాయకులకు కొత్త కాగితం పనికొచ్చింది. పాతది చూసినవాళ్లు 'వీనికేం తెల్వదు' అనే లెక్కలో మొదలుపెట్టేవాళ్లు.

ఏ సమస్యతో వచ్చారు

తల్లి బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, తర్వాత హాస్పిటల్‌లోనే కొన్నాళ్లు. ఇంట్లో తండ్రి, సెలవు పెట్టి వచ్చిన తమ్ముడు. రెండో రోజు నుంచి మధు సరిగ్గా తినలేదు. నిద్ర పోలేదు. ఓ ఉదయం స్నానానికి వెళ్లి గంటకు పైగా బయటికి రాలేదు. తమ్ముడు తలుపు నెట్టి లోపలికి వెళ్తే, అతన్ని గోడకేసి నెట్టాడు. అంతకుముందు ఎవరి మీదా చెయ్యి చేసుకున్నవాడు కాదు.

మా దగ్గరికి తండ్రీకొడుకులు వచ్చి అడిగింది ఒక్కటే. "మంచి హోమ్ ఏదన్న ఉంటె చెప్పండి సార్. పైసలు ఎంతైనా కడ్తం. ఆమె ఇగ చెయ్యలేదు, నాతోని కాదు."

హోమ్ అడ్రస్ ఇవ్వడం అయిదు నిమిషాల పని. కానీ అక్కడివాళ్లకు మధు గురించి ఏం చెప్పి పంపాలి? 'ఆటిజం, మధ్యస్థం, కోపం వస్తుంది' అని రాసి పంపితే మొదటి వారంలోనే మళ్లీ బాత్రూం గొడవే జరుగుతుంది. ఆ రోజు బాత్రూంలో ఏం జరిగిందో ఇంట్లోవాళ్లకే తెలియదు. తమ్ముడు మొండితనం అన్నాడు. తండ్రి అమ్మ మీద బెంగ అన్నారు. అడగాల్సింది హాస్పిటల్‌లో మంచం మీదున్న తల్లిని.

ఆమె ఒక్క మాటలో చెప్పారు. "తువ్వాల తలుపుకు ఎడమ పక్క కొక్కేనికి వేసిండ్రా? కుర్చీ మీద పెట్టిండ్రా?"

కుర్చీ మీద పెట్టారట. కొక్కేనికి తువ్వాల కనిపిస్తే స్నానం అయిపోయినట్టు. ఏళ్లుగా నడుస్తున్న గుర్తు అది. ఆమె ఎప్పుడూ పైకి చెప్పలేదు, మధు ఎప్పుడూ అడగలేదు. గుర్తు కనిపించలేదు కాబట్టి స్నానం అవలేదు. నీళ్లు చల్లబడినా లోపలే నిలబడ్డాడు.

నోటుబుక్కు

ఆ తువ్వాల సంగతితో కేసు తిరిగింది. ఆ తల్లి చేస్తున్న పనిలో సగం కంటికి కనిపించేది కాదు. వంట, బట్టలు, మందులు అందరికీ కనిపిస్తాయి. తువ్వాల ఎక్కడ వేయాలి, అన్నంలో పప్పు ముందా పెరుగు ముందా, టీవీ ఆపే ముందు దగ్గడం, కరెంటు పోగానే పేరు పెట్టి పిలవడం, ఇవన్నీ ఆమె ఒక్కదాని తలలోనే ఉన్నాయి. ఆమె తర్వాత కొడుకును ఎవరు చూస్తారని కుటుంబం అడుగుతోంది. ఆమె తల ఖాళీ చేసి కాగితం మీద పెట్టకుండా ఎవరు చూసినా ఒకటే.

ఆమె ఇంటికొచ్చాక వాకర్ పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చుని చెబుతుంటే తండ్రి రాశారు. ఆఫీసులో ఫైళ్లు రాసిన చెయ్యి, తేదీ వేసి వరుస నంబర్లతో రాశారు. మధు నిద్ర లేచినప్పటి నుంచి టిఫిన్ దాకా రాసేసరికే పేజీలు పేజీలు నిండాయి. ఆయన ఓ దగ్గర పెన్ను ఆపి, "ఇన్ని చేస్తవా నువ్వు?" అన్నారు భార్యతో. ఆమె నవ్వి ఊరుకున్నారు.

ఆ రాతను మేం మూడు రంగుల్లో గుర్తు పెట్టాం. మధు చేయగలిగీ, అమ్మ సంజ్ఞ కోసం ఆగే పనులు ఒక రంగు. అసలు చేయలేనివి ఇంకో రంగు: గ్యాస్ స్టవ్, డబ్బు లెక్క, మందుల మోతాదు. మూడో రంగు, అమ్మకు టైం లేక ఎప్పుడూ అతన్ని చేయనివ్వని పనులు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, పక్క వేసుకోవడం లాంటివి. అతనికి వదిలేస్తే గుండీలకే పావుగంట పడుతుంది, ఆమె పెడితే ఒక్క నిమిషం. పొద్దున పూట ఏ తల్లయినా ఒక్క నిమిషం దారే ఎంచుకుంటుంది. తప్పు పట్టడానికి లేదు. కానీ అలా ముప్పై ఏళ్లు గడిస్తే, చేయగలిగినవాడు కూడా చేయలేనివాడి లెక్కలో పడిపోతాడు.

చేయలేని పనుల రంగు మేం ఊహించినదానికన్నా తక్కువ తేలింది. అతనికి రోజంతా పట్టుకుని ఉండే మనిషి అక్కర్లేదని అప్పుడు అర్థమైంది. కొన్ని గంటల్లో, కొన్ని పనుల దగ్గర గట్టి సాయం ఉంటే చాలు.

ఇంకో విషయం కూడా నోటుబుక్కులోనే బయటపడింది. మధుకు ఆందోళన మొదలైతే హైదరాబాద్ బస్సు ఆగే ఊళ్లు వరసగా చదువుతాడు. జడ్చర్ల, బాలానగర్, షాద్‌నగర్, శంషాబాద్, ఆరాంఘర్. మామూలుగా ఉన్నప్పుడు నెమ్మదిగా, పాటలా అంటాడు. టెన్షన్ పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. శంషాబాద్‌కు వచ్చేసరికి గొంతు పెరిగిందంటే చెవులు మూసుకుంటాడు, తర్వాత ఎవరు దగ్గరికొచ్చినా నెడతాడు. ఇంట్లోవాళ్లు అది అలవాటు అనుకుని వదిలేశారు. మాకు అదొక మీటర్‌లా కనిపించింది.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

తల్లి కోలుకునే దాకా ఆగే పరిస్థితి లేదు. తండ్రికి బీపీ, తమ్ముడి సెలవు అయిపోయింది. హైదరాబాద్ శివారులో ఒక రెసిడెన్షియల్ సెంటర్‌లో చేర్చారు. నోటుబుక్కు జిరాక్సు పంపాలని మేం షరతు పెట్టాం, పంపారు కూడా. అది చెడ్డ సెంటర్ కాదు. శుభ్రంగా ఉంది, కొట్టేవాళ్లు లేరు. కానీ ఒక హాల్లో అంతమంది ఉన్నచోట ఒక్కడి తువ్వాల ఏ కొక్కేనికి వేయాలో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? భోజనాల గంట మోగగానే స్టీలు కంచాల చప్పుడు. మధు చెవులు మూసుకుని వరండాలోకి పోయేవాడు. దాన్ని పారిపోయే ప్రయత్నం అని రాసుకున్నారు. మూడు వారాల్లో రిస్పెరిడోన్ (చిరాకు, దూకుడు తగ్గడానికి ఇచ్చే మందు) మోతాదు పెంచారు. దాంతో బరువు పెరిగాడు, పగలు కూడా మత్తుగా పడుకునేవాడు. గొడవ తగ్గింది కాబట్టి 'సెటిలయ్యాడు' అన్నారు. తండ్రి చూడటానికి వెళ్లినప్పుడు ఊళ్ల పేర్లు చదవడం కూడా మానేశాడట. ఆయనకు అదే నచ్చలేదు. వెంటనే తీసుకొచ్చేశారు.

ఆ సెంటర్‌ను నిందించడానికి ఇది రాయడం లేదు. అక్కడ ఒక సహాయకుడి చేతి కింద ఎంతమంది ఉంటారో చూస్తే, గొడవ చేయనివాడే బాగున్నవాడు అనుకోవడం వాళ్లకు తప్పదు. మధుకు పనికొచ్చే కొలత అది కాదు, అంతే.

రెండోది ఇంట్లోనే ఇరవై నాలుగు గంటల కేర్‌టేకర్. ఏజెన్సీ ద్వారా ఒకతను, అతను మానేస్తే ఇంకొకతను. ఇది ఎందుకు నిలవలేదో కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే స్తోమత ఉన్న కుటుంబాలన్నీ మొదట ఇదే చేస్తాయి. వచ్చిన మనిషికి పడుకోవడానికి వేళ లేదు, ఆదివారం లేదు. పైగా వంటింట్లోంచి తల్లి, "అట్ల కాదు బిడ్డా, నువ్వు జరుగు" అని ప్రతి పనికీ అడ్డం వచ్చేది. నడవలేని స్థితిలోనూ గోడ పట్టుకుని వచ్చి కొడుక్కి అన్నం కలిపేది. మధు కూడా ఇంట్లో అమ్మ ఉన్నంతసేపు ఆమె సంజ్ఞ కోసమే చూస్తాడు కదా. కేర్‌టేకర్ ఏం చెప్పినా తల అమ్మవైపే తిప్పేవాడు. అంటే జీతం ఇస్తున్నది ఒకరికి, పని పాత మనిషిదే. మనుషులు మారినప్పుడల్లా మధు నిద్ర మళ్లీ చెడింది.

ఇక్కడ ఒక నిర్ణయానికి వచ్చాం. మనిషిని మారిస్తే లాభం లేదు, చోటు మారాలి. కానీ దూరం పోకూడదు.

ఊరు వదలకూడదని ఎందుకు అనుకున్నాం

తమ్ముడు తన ఫ్లాటు దగ్గరే ఇంకో ఫ్లాటు తీసుకుందాం అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. మేం వద్దన్నాం. బస్టాండులో టీ కొట్టాయన మధుకు చక్కెర తక్కువ వేసి టీ ఇస్తాడు, డబ్బులు నెలాఖరున తండ్రి దగ్గర తీసుకుంటాడు. క్షౌరం చేసే అతను మిషన్ చప్పుడు పడదని కత్తెరతోనే చేస్తాడు. దారి తప్పితే ఇంటికి తెచ్చి దింపేవాళ్లు ఆ ఊళ్లో కనీసం పది మంది ఉంటారు. వీళ్లెవరికీ మనం జీతం ఇవ్వడం లేదు. హైదరాబాద్‌లో ఇలాంటి వాళ్లను సంపాదించాలంటే ఇంకో ముప్పై ఏళ్లు కావాలి.

కుటుంబం మొదట వ్యతిరేకించింది దీన్నే. "ఊళ్లనే వేరే ఇంట్ల పెడితె చుట్టాలు ఏమంటరు సార్? దూరం పంపితె హాస్టల్ అనుకుంటరు." అన్నట్టే ఒక పెళ్లిలో పెద్దమ్మ వరుసామె పదిమందిలో తల్లిని అడిగేసింది, "బిడ్డను అద్దింట్ల పడేసిండ్రట?" అని. తల్లి ఆ రోజు భోజనం చేయకుండా ఇంటికొచ్చింది. దీనికి మా దగ్గర మందు లేదు. తండ్రి మాత్రం ఒక పని చేశారు. ఆ పెద్దమ్మనూ ఇంకో ఇద్దరినీ ఓ ఆదివారం మధు ఇంటికి టీకి పిలిచారు. ఆమె మనసు మారిందని చెప్పలేను కానీ, ఆ మాట మళ్లీ అనలేదు.

ఇల్లు, తోడు, సహాయకులు

తల్లిదండ్రుల ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్ దొరికింది. దొరకడం అంత తేలిక కాలేదు. మధును చూడకముందే "రాత్రి అరుస్తడా?" అని అడిగి వద్దన్నవాళ్లే ఎక్కువ. చివరికి ఒప్పుకున్నాయన కొడుకు దుబాయ్‌లో ఉంటాడు, ఇంట్లో మనుషులు తిరిగితే చాలనుకునే రకం. పోర్షన్‌లో నీళ్ల మోటరు సంపు పక్కనే, పడకగది కిటికీ కింద ఉంది. తెల్లవారుజామున నల్లా నీళ్లు వచ్చే టైంకి మోటరు వేస్తే మధు లేచి కూర్చునేవాడు. మంచం వేరే గదిలోకి మార్చాం, మోటరు ఏడు తర్వాత వేసేలా ఓనరుతో మాట్లాడాం. ఇన్వర్టర్ మాత్రం మొదటి రోజే పెట్టించాం. కరెంటు పోయినప్పుడు అమ్మ పేరు పెట్టి పిలిచేది కదా, ఆ పిలుపుకు బదులు వెలుతురే పోకుండా చూడటం సులువు.

తోడుగా ఇంకొకరు ఉంటే ఖర్చు సగమవుతుంది, సాయంత్రాలు ఒంటరిగా ఉండవు. ఎవర్ని పెట్టాలన్నది పెద్ద చర్చ. ఆటిజం ఉన్న ఇంకో కుర్రాడి కుటుంబం ముందుకొచ్చింది. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి చూశాం. అతను ఆనందం వస్తే గట్టిగా కేకవేస్తాడు, మధు చెవులు మూసుకుంటాడు. జబ్బు పేరు ఒకటే అయితే ఏం లాభం? ఆ తర్వాత డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒకతన్ని చూశాం, మధు కన్నా కొంచెం పెద్ద. నెమ్మదిగా మాట్లాడతాడు, తొమ్మిదికల్లా పడుకుంటాడు, జొన్న రొట్టె ఇష్టం. చప్పుడు, నిద్ర, తిండి, ఈ మూడూ కుదిరాయి. వాళ్లిద్దరూ స్నేహితులయ్యారని రాయలేను. ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోరు. టీవీ దగ్గర ఎవరి కుర్చీ వాళ్లకు ఉంది.

సహాయకుల ఎంపిక దగ్గర మేం ఒక చిన్న పరీక్ష పెట్టాం. మధు చొక్కా వేసుకుంటున్నప్పుడు వచ్చిన మనిషిని పక్కన నిలబడమన్నాం. నర్సింగ్ హోంలో పనిచేసిన ఒకతను రెండు గుండీల తర్వాత ఆగలేక మిగతావి తానే టకటకా పెట్టేశాడు. మంచితనంతోనే. ఇంకొకతను హోటల్లో సర్వర్‌గా చేసినవాడు, ఈ రంగంలో అనుభవం సున్నా. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మధు మూడో గుండీ తప్పు కాజాలో పెట్టి, విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు. అతను ఏమీ అనలేదు, చివర్లో కాలరు మాత్రం సర్దాడు. అతన్నే తీసుకున్నాం. ఆటిజం గురించి మేం నేర్పగలం. ఊరికే నిలబడటం నేర్పడం చాలా కష్టం.

పొద్దున ఒకరు, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఇంకొకరు. ఇద్దరికీ వారంలో ఒక సెలవు, ఆ రోజుకు వేరే మనిషి. పగటిపూట మధు ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో పప్పులు అర కిలో ప్యాకెట్లు కడతాడు. ముల్లు గీత మీద ఆగేదాకా ఒక్కో గింజ వేస్తాడు, తీస్తాడు. మొదట్లో సేటు ఇంత నెమ్మదా అన్నాడు. తూకం తేడా వచ్చిందన్న ఫిర్యాదు రావడం ఆగిపోయాక ఇంకేం అనలేదు. రోజు కూలి కన్నా తక్కువే ఇస్తున్నాడు. దాని గురించి మాట్లాడుతూనే ఉన్నాం.

మారిన తీరు

ఒక్కసారిగా మార్చలేదు. మొదట సాయంత్రం టీ అక్కడ. తర్వాత రాత్రి భోజనం అక్కడ తిని ఇంటికి. ఆ తర్వాత శనివారం రాత్రి నిద్ర. తువ్వాల కొక్కెం కొత్త బాత్రూంలో కూడా తలుపుకు ఎడమ పక్కనే కొట్టించాం. కొన్నాళ్లకు దాని మీద 'అయిపోయింది' అని రాసిన కార్డు తగిలించి, నెమ్మదిగా తువ్వాల బదులు కార్డే గుర్తయ్యేలా చేశాం. ఎవరు తువ్వాల ఎక్కడ వేసినా ఇప్పుడు ఇబ్బంది లేదు.

సహాయకుల డైరీలో 'కోపంగా ఉన్నాడు' అని రాయడం మాన్పించాం. బదులుగా ఏ ఊరి దాకా వెళ్లాడో రాయమన్నాం. 'జడ్చర్ల, మామూలు.' 'బాలానగర్, కొంచెం వేగం, కుక్కర్ విజిల్.' షాద్‌నగర్ దాటకముందే చప్పుడు ఆపాలి, లేదా బయటికి తీసుకెళ్లాలి. ఇదొక్కటే నియమం. సైకియాట్రిస్ట్ కూడా ఆ డైరీ చూసే మందు తగ్గించుకుంటూ వచ్చారు. అంతకుముందు ఆయన చేతిలో తండ్రి చెప్పే 'బానే ఉన్నడు సార్' తప్ప ఏమీ ఉండేది కాదు.

పక్కింటివాళ్ల విషయం. మధుకు గడియ సరిగా పడని గేటు కనిపిస్తే ఆగలేడు, వెళ్లి గడియ పెట్టొస్తాడు. ఎవరి గేటైనా సరే. కొత్త వీధిలో రెండో వారమే ఒకావిడ దొంగ అని కేక వేసింది, జనం పోగయ్యారు. సహాయకుడు పక్కనే ఉండబట్టి సరిపోయింది. తర్వాత తండ్రీ సహాయకుడూ ఇల్లిల్లూ తిరిగారు. ఆటిజం గురించి వివరించాలా అని ఆయన అడిగారు. వద్దన్నాను. "మా అబ్బాయి గేటు గడియలు పెడతడు, లోపలికి రాడు, ఏం ముట్టుకోడు, పేరు మధు" అని చెప్పండి, చాలు అన్నాను. జబ్బు పేరు చెబితే జాలి పడతారు, లేదంటే జడుస్తారు. ఏం చేస్తాడో చెబితే తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ వీధిలో గేటు తెరిచి ఉంటే "మధు రాలే ఇయ్యాల" అంటారట.

అన్నిటికన్నా కష్టమైంది తల్లి రాకపోకలు. ఆమె మొదట్లో ప్రతి సాయంత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని ఆటోలో వచ్చేది. ఆమె వస్తుందని తెలిసి మధు గేటు దగ్గరే నిలబడేవాడు, సహాయకుడు వండింది తినేవాడు కాదు. ఆమె రావద్దు అని చెప్పడం క్రూరం. రమ్మంటే ఈ ఇల్లు ఎప్పటికీ ఆమె వంటింటికి తోకగానే ఉంటుంది. చాలా మాటల తర్వాత తేలింది ఏమిటంటే, ఆమె రావడానికి బదులు మధే ఆమె ఇంటికి వెళ్లాలి. బుధవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం. క్యాలెండర్‌లో ఆ గళ్లకు ఎర్ర రంగు. ఆమె ఇష్టమొచ్చింది వండి పెట్టొచ్చు, అన్నం కలిపి పెట్టినా మేం అడ్డు చెప్పం. ఏడింటికి సహాయకుడు వచ్చి తీసుకెళ్తాడు. మామిడికాయ పచ్చడి సీసా మాత్రం వెంట తీసుకుపోవచ్చు. అది ఆమె పెట్టిన షరతు. ఒప్పుకున్నాం.

మొదటి నెల ఆమె ఏడ్చారు. మధు ఏడవలేదు. ఆ విషయం ఆమెను ఇంకా బాధపెట్టింది, దాచడమెందుకు. "నేను లేకున్నా ఉంటడని తెల్సినంక మంచిగనే ఉన్నది సార్, మంచిగ లేదు కూడా" అన్నారు.

డబ్బు, కాగితాలు, తమ్ముడు

అద్దె 7,000. ఇద్దరు సహాయకులు, సెలవు రోజు మనిషి, సరుకులు, కరెంటు, మందులు కలిపితే నెలకు దాదాపు 46,000. రెండు కుటుంబాలు పంచుకుంటాయి. ఆసరా పింఛను కింద ఒక్కొక్కరికి వచ్చేది 4,016. ఆటిజం, మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చుకు పనికొస్తుంది, ఇంటి ఖర్చుకు కాదు. అదే ట్రస్ట్ కింద పెద్దవాళ్ల కోసం ఘరౌందా అనే గ్రూప్ హోమ్ పథకం ఉంది కానీ, మాకు దగ్గర్లో ఖాళీ దొరకలేదు. కాబట్టి ఈ ఏర్పాటు పెన్షన్ ఉన్న ఇంటికే సాధ్యమైంది. ముంబై, పుణె వలస పోయే కూలీ కుటుంబానికి నేను దీన్నే చూపించి 'మీరూ ఇలా చేయండి' అనలేను. వాళ్లకు నోటుబుక్కు పనికొస్తుంది, గుండీల దగ్గర ఆగడం పనికొస్తుంది. అద్దె ఇల్లు మాత్రం ప్రభుత్వం పూనుకుంటే తప్ప కుదరదు.

పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు కూడా చట్టప్రకారం సంరక్షకులు కారన్న సంగతి చాలామందికి బ్యాంకు మేనేజర్ చెప్పేదాకా తెలియదు. ఆటిజం ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఆధ్వర్యంలోని లోకల్ లెవెల్ కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. 2016 చట్టం చెప్పే పరిమిత సంరక్షణ స్ఫూర్తిని గుర్తుపెట్టుకుని, డబ్బు, ఆస్తి, పెద్ద వైద్య నిర్ణయాలకే సంరక్షణ అడిగాం. ఏం తినాలి, ఎప్పుడు బస్టాండుకు పోవాలి, ఏ చొక్కా వేసుకోవాలి అన్నవి మధువే. తండ్రి తన పెన్షన్ కాగితాల్లో మధు పేరు, వైకల్యం సర్టిఫికెట్ బతికుండగానే ఎక్కించుకున్నారు. తల్లిదండ్రుల తర్వాత ఫ్యామిలీ పెన్షన్ అతనికి జీవితాంతం రావాలంటే ఆ పని వాళ్లు ఉన్నప్పుడే అయిపోవడం మంచిది. తర్వాత మధు తరఫున ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది తమ్ముడే.

తమ్ముడు మొదట మా ముందు తల వంచుకుని కూర్చునేవాడు. ఓ రోజు తండ్రి లేనప్పుడు చెప్పేశాడు. "అన్నను నేను నాతోని పెట్టుకోలేను సార్. రేపు పెళ్లయితే ఆమెను అడగలేను. కానీ వదిలెయ్యను." ఇంతకన్నా పనికొచ్చే మాట ఈ కేసులో ఇంకెవరూ చెప్పలేదు. అంతవరకు ఇంట్లో అందరూ అతనే చూసుకుంటాడని లోపల అనుకుంటూ, పైకి అనకుండా ఉన్నారు. చేయగలిగింది, చేయలేనిది వేరు చేసి చెప్పాడు కాబట్టి దానికి తగ్గట్టు పని పంచాం. మూడు నెలలకోసారి వచ్చి డైరీ, లెక్కలు చూస్తాడు. సహాయకుల జీతాలు, సెలవులు, ఓనరుతో మాట్లాడటం అతని పని. స్నానం, వంట అతని పని కాదు. ఈమధ్య ఒక సంబంధం వాళ్లు వస్తే మధు సంగతి అతనే ముందు చెప్పాడట, ఇల్లు కూడా చూపించాడట.

ఇంకొకరి కేసులో వాడుకోదగినవి

కుటుంబం 'హోమ్ చెప్పండి' అని వచ్చినప్పుడు, చూసుకునే మనిషి తలలో ఏముందో ముందు రాయించండి. ఆ మనిషి మంచం పట్టకముందే రాయిస్తే ఇంకా మంచిది. ఈ కేసులో తువ్వాల సంగతి చెప్పడానికి తల్లి బతికుంది. చాలా కేసుల్లో మనకు ఆ అదృష్టం ఉండదు.

కొత్త చోటికి మారేది అమ్మానాన్నలు ఉన్నప్పుడే. వాళ్లు పోయిన రోజే ఇల్లు, మనిషి, తిండి అన్నీ ఒకేసారి మారితే ఎవరికైనా తల తిరుగుతుంది. మధుకైతే ఊళ్లన్నీ ఆరాంఘర్ దాకా వెళ్లిపోతాయి.

గొడవ లేకపోవడాన్ని ఫలితం అనుకోకండి. మధు ఇప్పటికీ నెలకోసారైనా శంషాబాద్ చేరుతున్నాడు, డైరీలో ఉంది. కానీ పగలు మేలుకుని ఉంటున్నాడు, పనికి పోతున్నాడు, తన గుండీలు తను పెట్టుకుంటున్నాడు. సెంటర్‌లో ఉన్నప్పుడు గొడవ లేదు, ఇవీ లేవు.

తేలనిది రాత్రి విషయం. సాయంత్రం సహాయకుడు పెళ్లయ్యాక రాత్రి పడుకోవడం మానేశాడు. ఇప్పుడు తండ్రి వరుసకు మేనల్లుడయ్యే కాలేజీ కుర్రాడు వచ్చి ముందు గదిలో పడుకుంటున్నాడు, అతని చదువు వచ్చే ఏడుతో అయిపోతుంది. రాత్రికి మనిషి నిజంగా కావాలా, తలుపుకు అలారం, ఓనరు ఇంట్లో ఒక బెల్ సరిపోతాయా అన్నది చర్చలో ఉంది. మధు రాత్రి లేవడం ఈమధ్య బాగా తగ్గింది, తోడున్నతను మాత్రం లేస్తాడు, నీళ్ల కోసం. అతని కుటుంబం మనిషి ఉండాల్సిందే అంటోంది, తమ్ముడు ఖర్చు లెక్క చూపిస్తున్నాడు. వచ్చే సమీక్షకు ఇద్దరి రాత్రి డైరీలు విడివిడిగా రాయించి తెమ్మన్నాను. అవి చూశాకే ఏదో ఒకటి.